మెట్టలో మా కాపురం

పోయిన నెల మా అన్నయ్య కూతురు ఫోన్ చేసింది. "అత్తా, చింతలపూడి రోడ్డులో ఎకరం నేల కొన్నాం. కూరగాయలు వేసుకుందామని, ఒక గేదెని పెట్టుకుందామని, వీలైతే అక్కడే చిన్న ఇల్లు వేసుకుని ఉండిపోదామని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది. నువ్వూ నాన్నా అక్కడే పెరిగారుగా, ఒక్కసారి వచ్చి చూసి చెప్పవూ" అంది.

ఏలూరులో బస్సెక్కి వెళ్ళాను. ధర్మాజీగూడెం దాటాక రోడ్డుకి రెండు పక్కలా పామాయిల్ తోటలే. మేమున్న రోజుల్లో ఇక్కడ ఆ చెట్టు పేరు ఎవరూ విని ఉండరు. కంది చేలు, నువ్వు చేలు, జీడిమామిడి తోపులు, గట్ల మీద తాటిచెట్లు, మధ్యలో ఎర్రటి నేల. అప్పుడిది పశ్చిమ గోదావరి జిల్లా, 2022 నుంచి ఏలూరు జిల్లా. బస్సు దిగి మట్టిదారి పట్టి నడుస్తుంటే వాసన వచ్చింది. ఒక పాక ముందు, చింతచెట్టు కింద, మూడు రాళ్ళ పొయ్యి మీద మసిబారిన కుండ పెట్టుకుని ఒక పెద్దావిడ ఆముదం వండుతోంది.

ఆ వాసన ఎరిగినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ముందు వేగిన గింజ కమ్మదనం, దాని వెనకే గొంతుకి పట్టుకునే చేదు, ఆ రెండిటి కింద పచ్చికట్టె పొగ. మా అమ్మ చీరకొంగు ఎప్పుడూ అదే వాసన వేసేది. నేను అక్కడే నిలబడిపోయాను. మేనకోడలు రెండుసార్లు పిలిచింది.

అమ్మ ఆముదం వండే రోజు మాకు పొయ్యి దగ్గరకి వెళ్ళడానికి వీల్లేదు. దిష్టి తగిలితే నూనె తేలదని ఆవిడ నమ్మకం. దూరంగా అరుగు మీద కూర్చుని చూసేవాళ్ళం. ఆముదాలు మంగలంలో వేయించి, రోట్లో పోసి మెత్తగా దంచేది. ఆ ముద్దని పెద్ద కుండలో నీళ్ళు పోసి ఉడకబెడితే నురగతోపాటు నూనె పైకి తేలేది. దాన్ని గరిటెతో మెల్లిగా తీసి వేరే గిన్నెలో పోసి, చెమ్మ పోయి చిటపటలు ఆగిపోయేదాకా మళ్ళీ కాచేది. ఆ ఆముదం మా తలలకి, దేవుడి దగ్గర దీపానికి, బావి గిలకకి, బండి ఇరుసుకి, నాన్న మోకాళ్ళకి. మిగిలిన పిప్పి పశువు నోట పడితే విషం. అందుకని అది చల్లారగానే బెండ మొక్కల మొదట్లో పూడ్చిపెట్టేది. ఏదీ పారేసేది కాదు, కానీ దేన్ని ఎక్కడ పెట్టాలో ఆవిడకి తెలుసు.

*

మాది మొదటినుంచీ పల్లె కాపురం కాదు. నాన్న టౌన్లో ఒక మిల్లులో గుమాస్తా. నాకు ఊహ తెలిసేసరికి ఒక గది అద్దె ఇల్లు, వీధి కుళాయి దగ్గర బిందెల వరస, నెలాఖరుకి పక్కింట్లో చేబదులు. ఒక రోజు మిల్లు మూతపడింది. కొన్ని నెలల జీతం బాకీ పెట్టి యజమాని తలుపులకి తాళం వేసి వెళ్ళిపోయాడు. నాన్న రోజూ పొద్దున్నే చొక్కా వేసుకుని ఆ గేటు దాకా వెళ్ళి వచ్చేవారు.

తాతయ్య పంపకాల్లో నాన్నకి వచ్చిన మెట్ట రెండెకరాలు, చెరువు కింద అరెకరం ఊళ్ళో కౌలుకి ఉండేవి. "అద్దె కట్టలేని చోట మాటపడి ఉండేకంటే మన నేల మీద గంజి తాగుదాం పదండి" అంది అమ్మ. ఆ మాట ఆవిడే అంది, నాన్న కాదు. దివిసీమ ఉప్పెనకి ముందు ఏడాది, ఎండలు ముదిరాక, రెండు ట్రంకుపెట్టెలు, ఒక మంచం, అమ్మ ఇత్తడి బిందెలు బండికెత్తుకుని వచ్చాం. పొలంలో ఇల్లంటూ ఏమీ లేదు. తాటిచెట్లు, ఒక మూల చింతచెట్టు. నాన్నకి వరసకి పెదనాన్న అయ్యే ఆయన, మేమంతా పెద్దయ్య అనేవాళ్ళం, తన పశువుల పాకలో ఒక వార శుభ్రం చేయించి ఇచ్చారు. దాంట్లోనే దిగాం.

నాన్న ముందు ఇల్లు కడదామనుకున్నారు. పెద్దయ్య ఒప్పుకోలేదు. "ముందు నీళ్ళు. తరవాత దడి. ఇల్లు ఆ తరవాత. నీళ్ళు లేకపోతే గోడకి మట్టి దేంతో తొక్కుతావు? దడి లేకపోతే నువ్వు పెట్టిన మొక్క ఊరి మేకలకి" అన్నారు. మా మేనకోడలికి నేను చెప్పిన మొదటి మాట కూడా ఇదే. ఆ పిల్ల అప్పటికే ఇంటి ప్లాన్ గీయించి ఉంచింది. పక్కన పెట్టమన్నాను.

మెట్టలో బావి అంటే మాటలు కాదు. పైన ఎర్రమట్టి, కింద గరప, ఇంకా కింద రాయి. తవ్వేవాళ్ళు పొద్దున్నే గంజి తాగి దిగేవాళ్ళు. పైకి తట్ట లాగే తాడు చప్పుడు, కింద గునపం చప్పుడు, మధ్యమధ్య "జాగ్రత్తరోయ్" అన్న కేక. నాలుగు నిలువులు దిగినా చెమ్మే తప్ప నీళ్ళు పడలేదు. అన్నాళ్ళూ అమ్మ ఊళ్ళో మంచినీళ్ళ బావి నుంచి రెండేసి బిందెలు మోసేది, నెత్తిన ఒకటి, చంకన ఒకటి. ఒక మధ్యాహ్నం లోపలినుంచి "ఊట!" అని కేక వేశారు. అమ్మ పరుగెత్తుకొచ్చి, పైకి వచ్చిన తడి మట్టి గుప్పిట్లోకి తీసుకుని వాసన చూసింది. ఆ రోజు బావి తవ్వినవాళ్ళకి బూరెలు వండిపెట్టింది. నూనె, బెల్లం అప్పు తెచ్చి.

*

దడికి తాటిమట్టలు, కంది కంప, మధ్యమధ్య గుంజలుగా మునగ కొమ్మలు పాతారు. ఆ కొమ్మలు తొలకరికే చిగురు వేశాయి. మరుసటి ఏడాది దడి నుంచే మాకు మునక్కాయలు. దడి చుట్టూ లోపలివైపు ఆముదం గింజలు గుచ్చారు.

మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడ్డాక, పక్క పొలంలో ఉండే మామ్మ ఒక పాతగుడ్డ మూట పట్టుకుని వచ్చింది. మాకూ ఆవిడకీ చుట్టరికం లేదు. మూట విప్పితే అందులో ఇంకా చిన్న మూటలు. బీర, సొర, పొట్ల, దోస, చిక్కుడు, బెండ, గోంగూర, తోటకూర. ఒక్కోటీ అమ్మ అరచేతిలో పోసి, ఏది ఎక్కడ వేయాలో చెప్పింది. సొర పాకమీదకి ఎక్కించు. పొట్లకి పందిరి వెయ్యి. చిక్కుడు ఇప్పుడు వేస్తే సంక్రాంతికి కోసుకుంటావు. గోంగూర దడి వారనే చల్లు, అది ఎక్కడైనా బతుకుతుంది. అప్పట్లో గింజలు అప్పు తెస్తే నాగు కట్టి, ఎక్కువ కలిపి తిరిగి కొలవాలి. అమ్మ అదే అడిగింది, ఎంత ఇమ్మంటారు మామ్మా అని. "కూరవిత్తనానికి నాగేమిటే? నీ పాదు కాస్తే ఒక కాయ విత్తనానికి వదిలి, ఇంకోళ్ళకి ఇయ్యి" అంది ఆవిడ.

విత్తనానికి వదిలిన బీరకాయలు చూరు కింద వేలాడుతూ ఉండేవి. గాలి వచ్చినప్పుడు లోపల గింజలు గలగలమనేవి. సొర గింజలు సొర బుర్రలోనే దాచేది అమ్మ. మిగతావి బూడిదలో కలిపి చిన్న కుండల్లో పోసి మట్టితో మూత మెత్తేది. మేము ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ కూరగాయ విత్తనం కొన్న గుర్తు నాకు లేదు.

పొట్లకాయ సంగతి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. పిందె వేలెడు పొడుగు కాగానే దాని కొసకి దారంతో చిన్న రాయి కట్టాలి. లేకపోతే అది చుట్ట చుట్టుకుపోతుంది. రాయి ఏరడం మా పని. మరీ పెద్దదైతే పిందె తెగి పడుతుంది, మరీ చిన్నదైతే కాయ వంకర తిరుగుతుంది. అన్నయ్యా నేనూ బావి దగ్గర గరప కుప్పలో కూర్చుని, ఒక్కో రాయిని అరచేతిలో ఎగరేసి బరువు చూసేవాళ్ళం. దారం మరీ బిగించకూడదు, కాయ లావెక్కేటప్పుడు కోసుకుపోతుంది. ఒక వేలు పట్టేంత వదులు ఉండాలి. అమ్మ వచ్చి దారం కిందకి చిటికెనవేలు పోనిచ్చి చూసి "ఊఁ" అనేది. ఆ "ఊఁ" కోసం ఎంత ఎదురుచూసేవాళ్ళమో. పందిరి నిండా పొట్లకాయలు, ఒక్కోదానికీ ఒక్కో రాయి. పొద్దున్నే పందిరి కిందనుంచి వంగి వెళ్ళకపోతే నుదుటికి తగిలేవి.

మేనకోడలు ఇప్పుడు మొక్కలకి ఎరువుగా పోయడానికి జీవామృతం కలుపుతోంది. 200 లీటర్ల డ్రమ్ములో నీళ్ళు, 10 కిలోల ఆవుపేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. రెండు రోజులు నీడన ఉంచి పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పుతోంది. మంచిదే, నాకు చాలా సంతోషంగా అనిపించింది. అమ్మకి ఆ పేరు తెలియదు. ఆవిడకి తెలిసింది పెంటకుప్ప, పొయ్యిలో బూడిద, వేపాకు. వంగ మొక్కల మీద తెల్లారకట్ట మంచు తడి ఉండగానే బూడిద చల్లేది, అప్పుడైతే ఆకుకి అంటుకుంటుందని.

*

నాన్నకి కలం పట్టడమే వచ్చు, మేడి పట్టడం రాదు. పెద్దయ్యే నేర్పారు. ఆయన ఎడ్లు, ఆయన నాగలి. మొదట్లో నాన్న వేసిన సాలు ఏ దిక్కుకి పోతోందో తెలిసేది కాదు. పెద్దయ్య ఒక్క మాట అనేవారు కాదు. ఎదురుగా గట్టు మీద నిలబడి, "నా వంకే చూడు, ఎడ్ల వంక చూడకు" అనేవారు. ఆయన్ని చూస్తూ దున్నుతుంటే సాలు తిన్నగా వచ్చేది. ఆరుద్ర కార్తెలో వానలు బాగా పడ్డాయి ఆ ఏడు. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదంటారు. మా విషయంలో ఆ మాట నిజమైంది.

గుమాస్తా అలవాటు నాన్నని వదల్లేదు. ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగాటి పద్దు పుస్తకం ఒకటి ఉండేది. ప్రతి రాత్రీ లాంతరు ముందు కూర్చుని ఆ రోజు ఇంట్లోకి కొన్న వస్తువు, ఇచ్చిన డబ్బు రాసేవారు. ఆ పుస్తకం ఇప్పుడు అన్నయ్య దగ్గర ఉంది. మొదటి పేజీల్లో బియ్యం, కందిపప్పు, నూనె, మిరపకాయలు, చింతపండు, పాలు, కూరగాయలు, ఆముదం, కుంకుడుకాయలు, అన్నీ కొన్నవే. ఏదన్నా వస్తువు కొనడం మానేసిన రోజున ఆ పేరు మీద గీత కొట్టి పక్కన "ఇంటిదే" అని రాసేవారు. మొట్టమొదట కూరగాయలు పోయాయి, శ్రావణ మాసంలో. తరవాత చింతపండు. దానికి మేం చేసిందేమీ లేదు, చెట్టు అంతకుముందే ఉంది, కొట్టి పిక్క తీసి ఉప్పు కలిపి కుండలో తొక్కడమే అమ్మ పని. ఆ పైన ఆముదం, మిరపకాయలు. కందిపప్పు పక్కన "ఇంటిదే" పడేసరికి సంక్రాంతి దాటింది. నువ్వులు ఊళ్ళో గానుగకి తీసుకెళ్తే నూనె మనకి, చెక్క గేదెకి.

చివరికి ఆ పద్దులో మిగిలినవి ఇవి: ఉప్పు, కిరసనాయిలు, అగ్గిపెట్టెలు, బెల్లం, బట్టలు, మా పలకలూ పుస్తకాలూ, మందులు. మొత్తం కొనడం మానేయాలని నాన్న ఎప్పుడూ పంతం పట్టలేదు. ఒక్కో కాలంలో ఒక్కోటి దానంతటది పద్దులోంచి రాలిపోయింది. ఒకేసారి అన్నీ పెట్టేసుకోవాలని ఆరాటపడే పిల్లల్ని చూస్తే నాకు ఈ పుస్తకం చూపించాలనిపిస్తుంది.

*

గేదె వచ్చింది రెండో ఏడు. అమ్మ మెళ్ళో గొలుసు అమ్మి, పశువుల సంతకి నాన్నా పెద్దయ్యా వెళ్ళారు. అన్నయ్యని కూడా తీసుకెళ్ళారు. బేరం నోటితో ఆడలేదట. అమ్మేవాడూ పెద్దయ్యా తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకున్నారట. చుట్టూ ఉన్నవాళ్ళకి ఒక్క ముక్క తెలియలేదట. అన్నయ్య ఆ సంగతి ఇప్పటికీ ముచ్చటగా చెబుతాడు.

గేదె వచ్చాక ఇంటి వేళలే మారిపోయాయి. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరల తొక్కలు, తవుడు అన్నీ కుడితి తొట్టిలోకి. పేడ పిడకలకి, కళ్ళాపికి, పెంటకుప్పకి. పిడకల వల్ల దాలి వచ్చింది.

దాలిని ఈ తరం వాళ్ళు చూసి ఉండరు. పంచలో ఒక మూల నేలలో గుంట తీసి, లోపల మట్టి మెత్తి, పైన గట్టు కడతారు. పొద్దున పాలు పితకగానే గుంటలో పిడకలు పేర్చి, ఊక పోసి, పొయ్యిలోంచి నిప్పు తెచ్చి వేస్తారు. మంట రాకూడదు, సెగ మాత్రమే ఉండాలి. దాని మీద పాలకుండ, కుండ మీద చిల్లుల మూత. ఇక సాయంత్రం దాకా ఎవరూ దాని జోలికి పోరు. పాలు పొంగవు. పొద్దెక్కేకొద్దీ మెల్లమెల్లగా రంగు తిరుగుతాయి, సాయంత్రానికి ఇటుకరంగు వస్తాయి. పైన మీగడ అట్టులా కట్టి, అంచుల దగ్గర కాస్త మాడి ఉంటుంది. ఆ మాడిన అంచు కోసం నాకూ అన్నయ్యకీ వంతులు. పంచంతా పొగవాసనా పాలవాసనా కలిసి ఉండేది. దీపాలు పెట్టే వేళకి తోడు పెట్టేది అమ్మ.

తెల్లారకట్ట మాకు మెలకువ వచ్చేది కవ్వం చప్పుడుకే. గుంజకి కట్టిన కవ్వం, రెండు చేతులా తాడు, లాగుతున్న అమ్మ గాజులు. మొదట్లో చప్పుడు పల్చగా ఉండేది. వెన్న కూడుకునే కొద్దీ బరువెక్కేది. ఆ తేడా నిద్రలోనే తెలిసేది మాకు. వెన్న తీశాక చల్ల కోసం నలుగురైదుగురు చెంబులు పట్టుకుని వచ్చేవాళ్ళు. చల్లకి డబ్బు తీసుకోవడం మా ఊళ్ళో లేదు. చల్ల తీసుకెళ్ళినవాళ్ళు వాళ్ళ పెరట్లో అరటిగెల దిగినప్పుడో, జున్నుపాలు పిండినప్పుడో చెంబు ఖాళీగా తెచ్చేవాళ్ళు కాదు.

కోళ్ళు కూడా ఉండేవి. గంప కింద పెట్ట పొదిగేది, ఇరవై ఒకటో రోజున గంప లోపల కిచకిచలు. ఒక ఎండాకాలం కొక్కెర తెగులు తగిలి వారంలో గంప ఖాళీ అయిపోయింది. అమ్మ మళ్ళీ పెంచలేదు.

*

కందిపప్పు చేసుకునే రోజులంటే అమ్మకి నడుం విరిగే పని, మాకు పండగ. కందులకి ఎర్రమట్టి నీళ్ళు పట్టించి రాత్రంతా కుప్పగా ఉంచి, ఆ పైన ఎండలో ఆరబెట్టేది. ఇల్లు, అరుగు, వాకిలి అంతా ఎర్రగా ఉండేది. బాగా ఎండాక తిరగలి. మామ్మ ఎదురుగా కూర్చునేది, ఇద్దరూ ఒకే పిడి పట్టుకుని తిప్పేవాళ్ళు. మామ్మ పాట ఎత్తుకునేది, పాటలో ఊపు వచ్చేచోట తిరగలి కూడా ఊపందుకునేది. నేను గుప్పెడు గుప్పెడు గింజలు పోసేదాన్ని. పప్పు ఒక పక్క, పొట్టు ఒక పక్క చేటతో చెరిగి వేరు చేసేవాళ్ళు. పొట్టు మళ్ళీ గేదెకే.

ఇంతా చేస్తే ఆ పుస్తకంలో "ఇంటిదే" అని ఒక్క మాట. అమ్మ పొద్దు పొడవకముందు లేచి రాత్రి ఆఖరి దీపం ఆర్పేదాకా చేసిన పని ఆ పద్దులో ఎక్కడా లేదు. చేదతో నీళ్ళు తోడి తోడి ఆవిడ అరచేతుల్లో చేంతాడు గాట్లు పడ్డాయి. ఒంట్లో బాగాలేని రోజున కూడా గేదె అరిస్తే లేవాల్సిందే. ఆ జీవితాన్ని నేను గుండెనిండా ప్రేమిస్తాను, అందుకే ఈ మాట దాచను. మేనకోడల్నీ ఆమె భర్తనీ ఎదురుగా కూర్చోబెట్టి అడిగాను, నీళ్ళు ఎవరు పెడతారు, పేడ ఎవరు తీస్తారు, పండక్కి ఊరెళ్తే పశువుని ఎవరు చూస్తారు, ఇప్పుడే పంచుకోండి అని. మోటార్ ఉంది, గ్యాస్ ఉంది, మిక్సీ ఉంది, అమ్మకున్నంత కష్టం వాళ్ళకి ఉండదు. అయినా పశువుకి సెలవు ఉండదు.

ఇంకో మాట కూడా చెప్పాను. పక్క పొలాల వాళ్ళతో ముందు మంచిగా ఉండమని. మా కాళ్ళ మీద మేం నిలబడ్డామని ఎవరైనా అంటే నాకు సరిగ్గా అనిపించదు. ఎడ్లు పెద్దయ్యవి, విత్తనాలు మామ్మవి. కోతలకి మేం వాళ్ళకి బదులు వెళ్తే, మా కోతకి వాళ్ళు వచ్చారు. కుండలు చేసే ఆయనకి, బట్టలు ఉతికే వాళ్ళకి, నాగళ్ళు చెక్కే ఆయనకి ఏడాదికోసారి కళ్ళంలో మేర, అంటే వాళ్ళ పనికి ఇచ్చే గింజలు, కొలిచేవాళ్ళం. కుంచానికి నాలుగు మానికలు, నిండుగా, పైన గోపురం కట్టేలా. తలకొట్టి కొలిస్తే అమ్మ ఊరుకునేది కాదు.

*

1977 నవంబర్లో ఉప్పెన దివిసీమని ముంచేసిన రాత్రి, ఆ గాలి మా మెట్ట దాకా వచ్చింది. సాయంత్రం నుంచే తాటిచెట్లు వింతగా ఈలలు వేశాయి. చీకటి పడ్డాక మేం కట్టుకున్న మట్టి ఇంటి తాటాకు కప్పు ఒక పక్క లేచింది. నాన్న గేదె తాడు విప్పి, నన్ను భుజాన వేసుకుని, మేమంతా పెద్దయ్యగారి పెంకుటింటికి చేరాం. తెల్లారి వచ్చి చూస్తే మట్టిగోడలు నిలబడి ఉన్నాయి, పైన ఆకాశం. దాలి నిండా నీళ్ళు. కంది చేను మొత్తం ఒక పక్కకి ఒరిగిపోయింది. అమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఏడ్చింది.

రెండు రోజులకి పెద్దయ్య ట్రాన్సిస్టర్లో దివిసీమ సంగతి తెలిసింది. వేలమంది పోయారని, శవాలు చెట్లకి చిక్కుకుని ఉన్నాయని. అమ్మ లేచి కళ్ళు తుడుచుకుంది. గాదెలోంచి చేటెడు బియ్యం, పెట్టెలోంచి రెండు చీరలు తీసి మూటకట్టి, ఊళ్ళో పోగుచేస్తున్నవాళ్ళకి ఇచ్చి వచ్చింది. మా కప్పు మళ్ళీ వేయడానికి ఎవర్నీ పిలవలేదు. పెద్దయ్య, మామ్మ కొడుకులు, ఇంకా ఊళ్ళోవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. ఆకు కొట్టి, బరువులు పెట్టి తొక్కిపెట్టి, ఆరాక ఒకరు కిందనుంచి అందిస్తుంటే ఒకరు పైన కట్టారు. కొత్త తాటాకు పచ్చివాసన కింద పడుకుంటే నిద్ర ఎంత బాగా పట్టేదో.

ఒరిగిన కంది లేచింది. అనుకున్నంత కాకపోయినా పండింది.

ఆ కంది కొట్టుకునే రోజుల్లోనే టౌన్ నుంచి మిల్లు మనిషి ఒకాయన వచ్చాడు. మిల్లు మళ్ళీ తెరుస్తున్నారట, పాత గుమాస్తాలందర్నీ రమ్మంటున్నారట, బాకీ ఉన్న జీతం సంగతి కూడా చూస్తారట. నాన్న కళ్ళంలోంచి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. చాలాసేపు మాట్లాడలేదు. ఆయన చొక్కా మీద కంది పొట్టు. అమ్మ లోపలినుంచి ఉప్పూ కరివేపాకూ వేసిన చల్ల రెండు గ్లాసులు తెచ్చింది.

"ఏమంటావ్?" అన్నారు నాన్న.

"గేదె చూడిది. మాఘంలో ఈనుతుంది. దాన్ని ఎవరి మొహాన పడేసి వెళ్తామండీ?" అంది అమ్మ.

నాన్న ఆ వచ్చినాయన వంక చూసి, "విన్నారుగా" అన్నారు. ఆయనకి ఇంకో గ్లాసు చల్ల పోయించి, సంచిలో చిక్కుడుకాయలు వేయించి, బస్సు వేళకి రోడ్డు దాకా దిగబెట్టి వచ్చి మళ్ళీ కంది కొట్టడానికి కళ్ళంలోకి వెళ్ళారు.